పద్నాలుగో వరుస

పది గంటల ఇరవై నిమిషాలకి, ఇరవై ఆరుమంది విద్యార్థుల ఎదుట, తెరమీద పద్నాలుగో వరుస కనబడగానే లైబ్రేరియన్ పాఠం ఆపేసింది.

ఆ మెడికల్ కాలేజీలో ఆమెని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. జల్లెడ మేడమ్ అంటారు. డేటాబేసులో లక్షలకొద్దీ పరిశోధన పేపర్లుంటాయి. వాటిలోంచి డాక్టర్లకి కావలసినవి మాత్రం జల్లించి ఇవ్వడం ఆమె పని. మొదట్లో ఆ పేరు వెనకాల అనుకునేవాళ్ళు. పదిహేడేళ్ళు గడిచేసరికి ఆమే ఫోనెత్తి "జల్లెడని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

ఆ పొద్దున ఆమె పాఠం మామూలుగానే సాగింది. "మనకి మూడే మూడు మాటలు. 'ఆర్' అంటే వల వెడల్పు చెయ్యడం. ఒకే మందుకి నాలుగు పేర్లుంటే నాలుగూ ఆర్‌తో కలుపుతాం. 'అండ్' అంటే రెండు వలల్లోనూ పడినదాన్నే తీసుకోవడం. మందు గురించీ ఉండాలి, జబ్బు గురించీ ఉండాలి. ఇక మూడోది 'నాట్'. అది కత్తి. దాని జోలికి వెళ్ళకండి."

ఆమె వెనక గోడమీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది. నాట్ వాడేముందు నన్ను అడగండి.

"ఎందుకో చెప్తాను. ప్రతి పేపరుకీ డేటాబేసువాళ్ళు వయసు చీటీలు తగిలిస్తారు. ఒక పరిశోధనలో పదేళ్ళ పిల్లాడూ, డెబ్భై ఏళ్ళ పెద్దాయనా ఉన్నారనుకోండి, పిల్లలు అని ఒక చీటీ, వృద్ధులు అని ఒక చీటీ, రెండూ పడతాయి. మీరు పిల్లలవి వద్దు అని నాట్ కొట్టారంటే, మిషను మనవడితోపాటు తాతగారిని కూడా మెడపట్టి గెంటేస్తుంది."

అందరూ నవ్వారు. ఏటా ఇక్కడ నవ్వుతారు.

"ఒక మంచి వెతుకులాట ఎలా ఉంటుందో ఇప్పుడు చూపిస్తాను," అంటూ ఆమె ఎనిమిది నెలల కిందట ఊపిరితిత్తుల వార్డుకోసం తయారుచేసిన ఫైలు తెరిచింది. అందులో పదమూడు వరుసలుండాలి. పదమూడో వరుసలో 3,412 పేపర్లుండాలి. ఉన్నాయి.

దాని కింద ఇంకో వరుస ఉంది.

పద్నాలుగు: పదమూడో వరుస, నాట్, పిల్లలు. 2,126.

ముందు బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, నాట్ వాడొద్దన్నారు కదా! మరి ఇదెవరు చేశారు?"

"నేనే," అంది జల్లెడ.

గదంతా గొల్లుమంది. మేడమ్ జోక్ వేసిందనుకున్నారు.

ఆమె మార్కరు మూత పెట్టబోయింది. మూత రెండుసార్లు జారి కింద పడింది. రెండోసారి వంగలేదు. "మిగతాది రేపు చెప్పుకుందాం," అని తెర ఆపేసింది.

*

ఆదివారం మధ్యాహ్నం. ఎనిమిది నెలల కిందట. ఆమెకి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది.

ఊపిరితిత్తుల వార్డు పెద్దడాక్టరు ఆమెకి వరసకి వదిన, భర్తకి అక్క. ఆస్పత్రిలో "డాక్టర్ గారు", గేటు దాటాక "వదిన" అని వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందం. ఆ ఆదివారం వదిన మూడోసారి ఫోన్ చేసింది.

"మూడువేల నాలుగొందలా? నా దగ్గర చదివేది ఇద్దరు జూనియర్లమ్మాయ్. వాళ్ళకున్నవి రెండేసి కళ్ళే, యంత్రాలు కావు. తగ్గించు."

"తగ్గిస్తే ఏం పోతుందో చూడాలి వదినా."

"మన వార్డులో ఉన్నదంతా పెద్దవాళ్ళు. పిల్లల గొడవ మనకెందుకు? అది తీస్తే ఎంతవుతుంది, ఊరికే లెక్క చెప్పు."

ఊరికే లెక్క చెప్పడానికే జల్లెడ పద్నాలుగో వరుస కొట్టింది. రెండువేల నూట ఇరవై ఆరు అని చెప్పింది. "సరే, చూద్దాం," అంది వదిన. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయని జల్లెడ లేచి పరుగెత్తింది. తిరిగొచ్చి ఫైలు సేవ్ చేసింది. సాయంత్రం పంపించింది. చెరిపేయాల్సిన వరుస చెరపలేదు. జూనియర్లు ఆఖరి వరుసే తీసుకున్నారు. ఎవరైనా అదే చేస్తారు.

ఆ రెండువేల పైచిలుకు పేపర్లు చదివి, ముప్పై ఒకటి ఏరి, వదిన నివేదిక రాసింది. మొండికేసిన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి ఆ కొత్త సూదిమందు పెద్దవాళ్ళలో సురక్షితం, అన్నది నివేదిక సారాంశం. ఈ రోజు మూడింటికి కమిటీ కూర్చుంటుంది. సంతకం అయితే నాలుగింటికి వార్డులో మొదటి డోసు.

మొదటి డోసు ఆరో నంబరు మంచానికి. ఆరో నంబరు మంచంమీద ఉన్నది జల్లెడకి అత్తగారు. వదినకి కన్నతల్లి.

నర్సులు ఆవిడని రేడియోమ్మ అంటారు. దిండుపక్కన రేడియో మోగుతూనే ఉంటుంది. ఆవిడకి చూపు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ చెవులతోనే ఇల్లంతా నడిపింది. మెట్లమీద అడుగుల చప్పుడునిబట్టి వచ్చిందెవరో చెప్పేది. గిన్నె మూత తీసిన చప్పుడునిబట్టి అది ఏ గిన్నో చెప్పేది. ఈ పొద్దున జల్లెడ వార్డులోకి అడుగుపెట్టిందో లేదో, "ఏమే కోడలా, ఎడమకాలి చెప్పు కుట్టించుకోలేదా ఇంకా?" అంది.

ఆ జాతి మందులకి ఒక చెడ్డపేరుంది. కొందరికి చెవులు పోతాయి. ఈ కొత్తదానికి ఆ గుణం లేదనే కదా నివేదిక చెబుతున్నది!

కానీ పన్నెండువందల ఎనభై ఆరు పేపర్లు ఎవరూ చూడలేదు.

*

పదకొండు కావస్తోంది. జల్లెడ తన గది తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. కూర్చోలేక లేచింది. లేచి ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చుంది.

వదినకి ఫోన్ చేసింది. నర్సు ఎత్తింది. "డాక్టర్ గారు రౌండ్సులో ఉన్నారండీ. ఫోన్ నా చేతికిచ్చి, ఎవరు చేసినా కమిటీ అయ్యాకే అన్నారు."

"నేనని చెప్పండి."

"మీ సంగతీ ముందే చెప్పారండీ. మీరు చేసినా కమిటీ అయ్యాకే అని."

ఫోన్ పెట్టేసి తెరవైపు చూసింది. పద్నాలుగో వరుస పక్కన చిన్న చెత్తబుట్ట బొమ్మ. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ వరుస ఎప్పుడూ లేనట్టే. నివేదిక ఆఖర్న అనుబంధంలో అచ్చయి ఉంది నిజమే, కానీ అనుబంధాలు చదివే నాథుడెవరు? పదిహేడేళ్ళ పేరు. గోడమీద ఆ కాగితం. రేపు క్యాంటీన్లో నవ్వులు.

ఆమె చెయ్యి మౌస్‌మీదికి వెళ్ళింది. ఎడమకాలి చెప్పు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

పదిహేనో వరుస కొట్టింది. పదమూడు, నాట్, పద్నాలుగు. అంటే మొత్తంలోంచి చదివినవి తీసేస్తే మిగిలేవి. ఏ కత్తితో కోసి పారేసిందో, పారేసినదాన్ని ఏరుకోవడానికీ అదే కత్తి కావలసొచ్చింది.

1,286.

మూడింటిలోపు అన్నీ చదవడం మనిషివల్ల అయ్యే పని కాదు. ఏం కావాలో ఆలోచించుకోవాలి. ఆస్పత్రిలో ఎవరొచ్చి అడిగినా ఆమె మొదట అడిగేది అదే. అసలు మీ ప్రశ్న ఏమిటి? ఇప్పుడు తనని తనే అడిగింది. అత్తయ్య వయసు డెబ్భై నాలుగు. మూత్రపిండాలు సగమే పనిచేస్తాయి. ఈ మందు ఆవిడ చెవులకి ఏం చేస్తుంది?

పదహారో వరుస: చెవి, వినికిడి, చెవుడు, చెవిలో హోరు, వినికిడి పరీక్ష. తట్టినవన్నీ ఆర్‌తో కలిపింది. పదిహేడు: మూత్రపిండాలు, వాటికున్న పేర్లన్నీ. పద్ధెనిమిది: మూడింటినీ అండ్‌తో కట్టింది.

అరవై ఒకటి.

కుర్చీ ముందుకి లాక్కుంది. శీర్షికలు చూస్తూ కొట్టేసుకుంటూ పోయింది. ఎలుకలమీద చేసినది, వద్దు. వేరే మందు, వద్దు. ఒకే రోగి కథ, పక్కన పెట్టు. తలుపు ఎవరో తట్టారు. పలకలేదు. మళ్ళీ తట్టారు. "లేను!" అని అరిచింది.

పన్నెండున్నరకి తొమ్మిది మిగిలాయి. ఒంటిగంటకి మూడు. ఆ మూడింట్లో ఒకటి ఆమెని పట్టుకుని వదల్లేదు. తొమ్మిదేళ్ళ నాటి పేపరు. నాలుగువందల పన్నెండు మంది రోగులు, పదేళ్ళవాళ్ళనుంచి డెబ్భై అయిదేళ్ళవాళ్ళదాకా. మనవళ్ళూ తాతలూ ఒకే గదిలో. అందుకే నాట్ దెబ్బకి ఎగిరిపోయింది. సంక్షిప్తంలో 'మొత్తంమీద వినికిడి నష్టం స్వల్పం' అని ఉంది. ఆ కింది వాక్యం: 'మూత్రపిండాల పనితీరు తగ్గినవారి ఫలితాలు నాలుగో పట్టికలో.'

పూర్తి పేపరుకోసం నొక్కింది. 'మీ సంస్థకు అనుమతి లేదు.' ఆ పత్రికకి చందా రెండేళ్ళ కిందటే మానేశారు.

*

ఊరికి అవతలి కొసన ఇంకో కాలేజీ లైబ్రరీ ఉంది. అక్కడి లైబ్రేరియన్‌ని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ కత్తెర మాస్టారంటారు. ఎవరు ఏ వెతుకులాట రాసి పంపినా, వరుస వరుసా పరీక్షించి, అక్కర్లేనివి కత్తిరించి పంపుతాడు. ఒకరి వెతుకులాట ఇంకొకరు చూడనిదే బయటికి పంపకూడదన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న నియమం.

"గురువుగారూ, ఊపిరితిత్తుల ఫైలు గుర్తుందా?"

"పదమూడు వరుసలు. ముత్యాల్లా ఉన్నాయని రాశాను కదా!"

"పద్నాలుగు."

"నేను చూసినప్పుడు పదమూడే తల్లీ."

"మీరు చూశాక నేనొకటి పెట్టాను. నాట్."

"నువ్వా? నాటా? గోడమీద కాగితం అంటించుకున్నదానివి!"

"తిట్లు తర్వాత తింటాను. మీ దగ్గర ఒక పాత సంచిక ఉండాలి. నాలుగో పట్టిక కావాలి. మూడింటిలోపు."

వివరాలు రాసుకుని ఆయన నిట్టూర్చాడు. "అట్టలు కట్టినవన్నీ నేలమాళిగలో ఉన్నాయి. లిఫ్టు పోయింది. నా మోకాళ్ళూ పోయాయి."

"మా అత్తగారి చెవులు పోతాయి గురువుగారూ."

"అలా మొదటే చెప్పొచ్చు కదా!" ఫోన్ పెట్టేశాడు.

ఒకటీ నలభై. జల్లెడ గదిలో ఈ గోడనుంచి ఆ గోడకి నడిచింది. ఆరడుగులు. నీళ్ళు తాగబోయి సీసా మూత తియ్యడం మరిచిపోయి నోట్లో పెట్టుకుంది. రెండు గంటలు. మళ్ళీ వదినకి చేసింది. ఫోన్ ఆపేసి ఉంది. రెండూ ఇరవై. కత్తెర మాస్టారు ఎత్తలేదు. మోకాళ్ళు నిజంగానే మొరాయించాయా? మెట్లమీద పడ్డాడా? రెండూ ముప్పై ఒకటి.

ఫోన్ టింగుమంది. ఒక ఫోటో. గబగబా తెరిచింది. మూడో పట్టిక!

"నాలుగు, గురువుగారూ, నాలుగు!"

"అరవకు. ఇక్కడ ఒకటే బల్బు. అదీ కన్ను కొడుతోంది. పేజీ తిప్పుతున్నా."

రెండో ఫోటో వచ్చింది. నాలుగో పట్టికే. మూత్రపిండాలు బాగున్నవాళ్ళలో వినికిడి తగ్గినవారు నూటికి ముగ్గురు. ఆ కింద వరుస: మూత్రపిండాల పనితీరు తగ్గినవాళ్ళలో నూటికి...

అంకె ఉండాల్సినచోట లావుపాటి బొటనవేలు.

"వేలు తీయండి గురువుగారూ!"

"ఏ వేలు?"

"బొటనవేలు! మీదే! పట్టికమీద!"

"వేలు తీస్తే పుస్తకం మూసుకుపోతోందమ్మా, అట్ట కొత్తగా కట్టారు. ఉండు, మోకాలు పెడతాను."

రెండూ నలభైకి మూడో ఫోటో వచ్చింది. ఓ మూల ఆయన ప్యాంటు మోకాలు. మధ్యలో పట్టిక, చక్కగా, ఏ అడ్డూ లేకుండా.

నూటికి ఇరవై రెండు.

కింద చిన్న అక్షరాల్లో: రోజూ ఇచ్చినవారిలోనే ఎక్కువ. రోజు విడిచి రోజు ఇచ్చినవారిలో అయిదు.

ప్రింటరు కాగితం కక్కేలోపే ఆమె దాన్ని లాగింది. మూల చిరిగింది. చిరిగినదాంతోనే పరుగెత్తింది.

*

కమిటీ గది మూడో అంతస్తులో వార్డు చివర ఉంది. వార్డు తలుపు మూసి ఉంది, లోపల రేడియో సన్నగా మోగుతోంది. వదిన వరండాలో కిటికీ దగ్గర నిలబడి నివేదిక పేజీలు సరిచూసుకుంటోంది. తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. అంటే ఎవరి మాటా వినదన్నమాట.

"కమిటీ అయ్యాకే అన్నానా లేదా?"

"వదినా," అంది జల్లెడ.

ఆస్పత్రిలో ఆ పిలుపు విని వదిన తలెత్తింది. పదిహేడేళ్ళలో ఒప్పందం తప్పడం అదే మొదటిసారి.

జల్లెడ గొంతు తగ్గించి చెప్పింది. పద్నాలుగో వరుస, పన్నెండువందల ఎనభై ఆరు, అరవై ఒకటి, నాలుగో పట్టిక. ఊపిరి ఆడక మధ్యలో రెండుచోట్ల ఆగింది. వదిన చిరిగిన కాగితం అందుకుని వెలుతురు వైపు తిప్పింది. ఒకసారి చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఎనిమిది నెలలు," అంది. గుసగుసలోనే నిప్పు ఉంది. "ఎనిమిది నెలలు ఆ పిల్లలిద్దరూ నిద్రమాని చదివారు. ఇప్పుడు, పది నిమిషాల ముందు వచ్చి చెబుతున్నావు."

"పదీ ఇరవైకి తెలిసింది. అప్పట్నుంచీ మీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను."

"నేను తీసెయ్యమన్నానా పిల్లల్ని?"

"మీరు లెక్క చెప్పమన్నారు. తీసింది నేను. మరిచిపోయింది నేను. అలాగే చెప్పండి లోపల."

వదిన కాగితం ఊపింది. "ఇది ఒక్క పేపరు! తొమ్మిదేళ్ళ నాటిది. ఒక్క పేపరు చూసి మందు ఆపమంటావా? లోపల నలభై మంది రోగులున్నారు, పాత మందు పనిచెయ్యక."

"మందు ఆపమనట్లేదు వదినా. అది మంచిదేమో నాకేం తెలుసు? కానీ నివేదికలో 'అన్నీ చూశాం' అని రాశారు. మనం చూడలేదు."

వదిన కిటికీలోంచి కిందికి చూసింది. కింద వాకిట్లో అంబులెన్సు డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. ఆమె జేబులోంచి రుమాలు తీసింది, ముఖం అటు తిప్పుకుంది. తర్వాత రుమాలు మడిచి లోపల పెట్టుకుంది.

"అమ్మకి నాలుగింటికి డోసు నేనే రాశాను," అంది. "నా చేత్తో. రోజూ అని."

"తెలుసు."

గది తలుపు తెరుచుకుంది. "డాక్టర్ గారూ, అందరూ వచ్చారు," అన్నారెవరో. వదిన నివేదిక చంకలో పెట్టుకుని, చిరిగిన కాగితం దానిపైన పెట్టుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

జల్లెడ కిటికీ దగ్గర నిలబడింది. నిలబడలేక బల్లమీద కూర్చుంది. గోడమీద గడియారం సెకన్ల ముల్లు ప్రతి అంకె దగ్గరా ఒకసారి వణికి ముందుకు పోతోంది. లోపల ఎవరో గొంతు పెంచారు, మగగొంతు. తర్వాత వదిన గొంతు, నెమ్మదిగా, ఆగి ఆగి. మళ్ళీ మగగొంతు. కుర్చీ జరిపిన చప్పుడు. ఇప్పుడు లోపలికి పిలుస్తారా? ఉద్యోగం గురించా అది? ఆమె ఎడమకాలి చెప్పు కుట్టు ఊడినచోట బొటనవేలితో గెలుకుతూ కూర్చుంది.

మూడూ పంతొమ్మిదికి వదిన బయటికొచ్చింది. కోటు పై గుండీ విప్పి ఉంది.

"వాయిదా. పదిహేను రోజులు. మిగతావి చదివి కొత్త నివేదిక పెట్టాలి. అందాకా పాత మందే సాగదీస్తాం. కొత్తది ఎవరికి మొదలుపెట్టినా ముందు వినికిడి పరీక్ష, రక్తంలో మూత్రపిండాల పరీక్ష." బల్ల దగ్గరికి వచ్చింది. "ఎవరి పొరపాటని అడిగారు."

"ఏం చెప్పారు?"

"వెతికిన మనిషి తనే వచ్చి చెప్పిందన్నాను. చదివిన వరుసలో ఏం రాసుందో నేనూ చూసుకోలేదన్నాను. అనుబంధంమీద నా సంతకం ఉందమ్మాయ్. చదవకుండా పెట్టాను." బల్లమీద ఆమె పక్కన కూలబడింది. "ఇంకా ఎన్ని?"

"పన్నెండువందల ఇరవై అయిదు."

"ఆ జూనియర్లకి నేను చెప్పలేను. నువ్వు చెప్పు."

"నేను సగం చదువుతాను."

"చదవక! గోడమీద ఆ కాగితం ముందు పీకేసి రా, తర్వాత చదువుదువుగాని."

"పీకను," అంది జల్లెడ. "కింద ఇంకో ముక్క రాస్తాను. నేనైనా సరే అడగాలి అని."

వదిన పెదవి ఒక పక్కకి కదిలింది. అది నవ్వో విసుగో తేలేలోపే, మూసిన వార్డు తలుపవతల రేడియో టక్కున ఆగింది.

"ఏమే పెద్దదానా!" ఆరో నంబరు మంచంనుంచి గొంతు ఖంగుమంది. "పద్నాలుగో వరుసలో ఏం పెట్టారే మీరిద్దరూ?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపు మూసి ఉంది. అవతల ఇరవై అడుగుల దూరంలో మంచం. మాట్లాడినదంతా గుసగుసలోనే.

వదిన లేచి వెళ్ళి తలుపు తోసింది. "ఎప్పట్నుంచి వింటున్నావమ్మా?"

"నా కోడలు ఊడిన చెప్పుతో పరుగెత్తుకొచ్చినప్పట్నుంచి," అంది రేడియోమ్మ. "నువ్వు కిటికీ దగ్గర ముక్కు చీదుకున్నదాకా అంతా. ఆ తర్వాత లోపల ఎవడో మగాడు అరిచాడు చూడు, వాడి మాటలే సరిగ్గా అందలేదు. ఏమన్నాడు వాడు?"